తిరిగి డ్యూటీలో చేరే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

కడుపుతో ఉన్నానని ఆఫీసులో చెప్పిన రోజు నుంచి అందరూ డెలివరీ గురించే అడుగుతారు. డాక్టరెవరు, ఏ హాస్పిటల్, శ్రీమంతం ఎప్పుడు. మళ్లీ ఎప్పుడు చేరతావు, బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగేవాళ్లు తక్కువ. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించుకోలేదు. చివరికి నాలుగు నెలల పసిదాన్ని మా అమ్మ చేతిలో పెట్టి, మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట దాకా కళ్లు తుడుచుకుంటూ వెళ్లాను. రెండో కాన్పుకి బుద్ధి వచ్చింది. ఐదో నెలలోనే క్యాలెండర్ ముందేసుకుని, తిరిగి చేరాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చాను. ఆ పనులే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నాది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఎక్కువ భాగం అలాంటివాళ్లకే పనికొస్తుంది.

1. మీకు వర్తించే లెక్క ఏదో ముందు తేల్చుకోండి

ప్రసూతి సెలవుకి ఆధారం 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం. 2017లో దాన్ని సవరించి 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి రావడంతో పాత చట్టం అందులో కలిసిపోయింది. మనకు కావలసిన అంకెలు మాత్రం మారలేదు. మొదటి ఇద్దరు పిల్లల వరకు జీతంతో 26 వారాలు, అప్పటికే ఇద్దరుంటే 12 వారాలు. షాపులు, ఆఫీసులైతే కనీసం 10 మంది పనిచేస్తూ ఉండాలి. డ్యూ డేట్‌కి ముందు 12 నెలల్లో మీరు అక్కడ కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి.

"ప్రొబేషన్‌లో ఉన్నావు, నీకు రాదు" అని ఎవరైనా అంటే బెదిరిపోకండి. ప్రొబేషన్‌కీ దీనికీ సంబంధం లేదు, ఆ 80 రోజులు ఉన్నాయో లేదో చూసుకోండి. కాంట్రాక్టు ఉద్యోగులకీ వస్తుంది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద (అంటే రోజుకూలీ హాజరు పట్టీ మీద) పనిచేసే ఆడకూలీలకు ఈ సెలవు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిపోయినా ప్రసూతి ప్రయోజనం ఆగదని 2023లో ఇంకో తీర్పు ఇచ్చింది.

జీతం నెలకు రూ. 21,000 లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కార్డు ఉంటే డబ్బు ఇచ్చేది కంపెనీ కాదు, ఈఎస్ఐ. వారాలు అవే. కాకపోతే అక్కడ 80 రోజుల నియమం ఉండదు. అంతకుముందు వరసగా రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆరు నెలల చందా కాలం) కలిపి 70 రోజుల చందా ఉండాలి. పేస్లిప్‌లో కోత కనపడినంత మాత్రాన కట్టేశారని నమ్మకండి, ఈఎస్ఐ పోర్టల్లో మీ నంబరు కొట్టి కళ్లారా చూసుకోండి. కట్టలేదని తొమ్మిదో నెలలో తెలిస్తే పరిగెత్తే ఓపిక ఉండదు.

ప్రభుత్వోద్యోగులకు 180 రోజులు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంతమంది పిల్లలున్నా ఆ సెలవు వర్తించేలా 2025లో ఉత్తర్వులిచ్చారు. వాళ్లకు ఉన్న అసలు అదృష్టం చైల్డ్ కేర్ లీవ్: కేంద్రంలో సర్వీసు మొత్తం మీద 730 రోజులు, ఆంధ్రలో 180, తెలంగాణలో 90. దాన్ని పిల్లల చిన్నప్పుడే ఖర్చు పెట్టేయకండి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలప్పుడు కూడా అడుగుతారు పిల్లలు.

2. సెలవు ఏ రోజు మొదలుపెట్టాలో మీరే నిర్ణయించుకోండి

మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యం, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

26 వారాల్లో కాన్పుకి ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదని చట్టం. మించకూడదన్నారు గానీ వాడి తీరాలని అనలేదు. ఇక్కడే నేను పప్పులో కాలేశాను. ఏడో నెలలో శ్రీమంతం అయింది. "ఎనిమిదో నెల వస్తే ప్రయాణాలు చేయకూడదమ్మా, ఇప్పుడే వచ్చెయ్" అని అమ్మ పట్టుబట్టింది. ఖమ్మం వెళ్లిపోయాను. ఆ రెండు నెలలూ టీవీ చూసి, మినపసున్నుండలు తిని, మధ్యాహ్నాలు పడుకుని గడిపాను. హాయిగానే గడిచింది. ఆ హాయికి బిల్లు తర్వాత వచ్చింది.

లెక్క చూడండి. డ్యూ డేట్ జూలై 1 అనుకుందాం. 8 వారాలు ముందు, అంటే మే 6న సెలవు మొదలుపెడితే నవంబరు 3తో 182 రోజులు అయిపోతాయి. నవంబరు 4న సీట్లో కూర్చోవాలి, అప్పటికి బిడ్డకి నాలుగు నెలల మూడు రోజులు. అదే జూన్ 16 దాకా పనిచేసి 17న సెలవు మొదలుపెడితే డిసెంబరు 15 దాకా వస్తుంది. బిడ్డకి ఐదున్నర నెలలు. దాచుకున్న ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) ఒక 15 రోజులు కలిపితే ఆరు నెలలు నిండుతాయి.

ఆరు నెలలకి, నాలుగు నెలలకి ఏంటంత తేడా అంటే, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దంటారు డాక్టర్లు. ఆరో నెలలో అన్నప్రాశన చేశాక ఉగ్గు, రాగి జావ, మెత్తటి పప్పన్నం మొదలవుతాయి. మీరు ఆఫీసులో ఉన్న తొమ్మిది గంటల్లో బిడ్డ కడుపు నింపడానికి ఇంట్లోవాళ్ల చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. నాలుగు నెలల బిడ్డకైతే మీ పాలు తప్ప గత్యంతరం లేదు. సీసా చూపిస్తే మొహం తిప్పేసే బిడ్డ అయితే ఇంక చెప్పక్కర్లేదు, మాది అదే రకం.

చివరిదాకా పనిచేయమని అందరికీ చెప్పడం లేదు. బీపీ ఉన్నా, షుగర్ ఉన్నా, కవలలైనా, మాయ కిందికి ఉందన్నా డాక్టరు మాటే ఆఖరు. గర్భం వల్లో కాన్పు వల్లో వచ్చిన అనారోగ్యానికి, నెలలు నిండక ముందే కాన్పయినా, సర్టిఫికెట్ చూపిస్తే జీతంతో ఇంకో నెల దాకా సెలవు ఉంది. అది 26 వారాల్లోంచి తీసేది కాదు, విడిగా ఇచ్చేది. ఈ సంగతి చాలామంది హెచ్‌ఆర్‌లకే గుర్తుండదు. గర్భస్రావమైతే 6 వారాలు వస్తుంది. ఆ పరిస్థితిలో రెండు రోజుల సిక్ లీవ్ పెట్టుకుని వచ్చేసి మూలన కూర్చుని పనిచేసినవాళ్లను చూశాను. అలా చేయకండి.

నిలబడి చేసే ఉద్యోగమైతే, బట్టల షాపులోనో స్కూల్లోనో, చివరి వారాల్లో ఎక్కువసేపు నిలబడే పని పెట్టొద్దని అడిగే హక్కు కూడా చట్టంలోనే ఉంది. రెండోసారి నేను చివరి నెల ఇంటి నుంచి పని అడిగి తీసుకున్నాను. ఖమ్మం వెళ్లలేదు, అమ్మే మియాపూర్ వచ్చింది. పుట్టింటి పురుడు మనింట్లో పోసుకోవడమేంటని కొంత గొణుగుడు జరిగింది. బారసాల ఖమ్మంలో చేస్తామనేసరికి సర్దుకుంది.

3. మాట మీద వదలకండి, మెయిల్ పెట్టండి

ఆరో నెలలో పెట్టండి. మేనేజర్‌తో ముందు నోటితో చెప్పి, అదే రోజు సాయంత్రం మెయిల్. అది ఇలా ఉంటే చాలు:

"సర్, ఈ ఉదయం మాట్లాడినట్టు నా డ్యూ డేట్ జూలై 1. జూన్ 17 నుంచి డిసెంబరు 15 వరకు ప్రసూతి సెలవు, ఆ తర్వాత 15 రోజులు ఈఎల్ కోరుతున్నాను. డాక్టర్ సర్టిఫికెట్ జతపరిచాను. నా పనుల జాబితా, ఏది ఎవరికి అప్పజెప్పవచ్చో మే నెలాఖరుకల్లా పంపుతాను. తిరిగి చేరాక ఇదే టీమ్‌లో, ఇదే హోదాలో కొనసాగుతానని దయచేసి ధృవీకరించగలరు."

ఆ ఆఖరి వాక్యం రాయడానికి చెయ్యి వణుకుతుంది. రాయండి. సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేయడం, షరతులు మీకు నష్టం కలిగేలా మార్చడం చట్టవిరుద్ధం. అలా జరిగితే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, అప్పుడు ఈ మెయిలే మీ ఆధారం. సాధారణంగా అంతదాకా పోదు. రాతలో ఉంటే మనిషి మాట మార్చడు, అంతే. మెయిల్ కాపీ సొంత ఐడీకి కూడా పంపుకోండి.

4. బిడ్డ ఎవరి దగ్గర? కాన్పుకి ముందే తేలాలి

50 మందీ అంతకుమించీ పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే సౌకర్యం, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు అని చట్టం. బోర్డు మాత్రమే ఉండి లోపల పాత కుర్చీలు పేర్చిన గదుల్నీ చూశాను, పక్కాగా నడిచేవాటినీ చూశాను. మీ ఆఫీసులో ఉంటే మధ్యాహ్నం రెండింటికి చెప్పకుండా వెళ్లి చూడండి. పిల్లలు పడుకునే వేళ అది. పక్కలు, బాత్రూమ్, ఎంతమంది పిల్లలకి ఒక ఆయా, అన్నీ అప్పుడే బయటపడతాయి.

బయటి డే కేర్ అయితే ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా? పాలు తాగే బిడ్డ అయితే ఆఫీసు దగ్గర, ఏడాది దాటితే ఇంటి దగ్గర. నా అభిప్రాయం ఇది. ఏడాది దాటిన పిల్లని సాయంత్రం రద్దీలో రోజూ బండి మీద తిప్పడం కష్టం, ఇంటి దగ్గరైతే మీకు ఆలస్యమైన రోజు ఇంకెవరైనా వెళ్లి తెస్తారు.

ఎక్కువమంది ఇళ్లలో జరిగేది మాత్రం అమ్మ మూడు నెలలు, అత్తగారు మూడు నెలలు. ఇది ఉచితం అనుకోకండి. అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు, ఊళ్లో ఒంటరిగా మిగిలిన మావయ్యగారు. బిడ్డని ఎత్తుకోవడం, ఆడించడం వాళ్లకు వదిలి, బట్టలుతకడం, గిన్నెలు, ఇల్లు తుడవడానికి మనిషిని పెట్టండి. ఆ డబ్బు దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఇంకో సంగతి. కాటుక, సాంబ్రాణి, గ్రైప్ వాటర్ విషయంలో గొడవలొస్తాయి. అన్నింటి మీదా యుద్ధం ప్రకటిస్తే సాయంత్రానికి ఎవరికీ మనశ్శాంతి ఉండదు. నేను రెండింటి దగ్గరే గట్టిగా నిలబడ్డాను: ఏడాదిలోపు తేనె నాకించకూడదు, ఆరు నెలల్లోపు నీళ్లు పట్టకూడదు. "అత్తయ్యా, నేను చెప్తే మీకు నమ్మకం కుదరదు, ఆదివారం డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి" అన్నాను. వెళ్లారు. తిరిగొచ్చాక తేనె సీసా ఆవిడే పై అరలో పెట్టేశారు. నుదుటి మీద కాటుక బొట్టు మాత్రం ఉండిపోయింది, ఉండనీ.

5. పాల ఏర్పాటు మూడు వారాల ముందు మొదలవ్వాలి

చేరే రోజు పొద్దున కొత్త పంపు డబ్బా విప్పితే ఏడుపొస్తుంది. మూడు వారాల ముందు నుంచి రోజుకొకసారి, పొద్దున బిడ్డ తాగాక, పిండడం అలవాటు చేసుకోండి. మొదటి వారం అడుగు తడిచేంతే వస్తాయి. పాలు లేవని బెంగపడకండి, అది అలవాటు కాకపోవడం.

పిండిన పాలు బయట 25 డిగ్రీల్లోపు చల్లదనంలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. మన ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? కాబట్టి ఎండాకాలం నేరుగా ఫ్రిజ్‌లోకే. తలుపు అరలో పెట్టకండి, లోపల వెనక వైపు పెట్టండి. సీసా మీద టేపు అంటించి రోజు, టైము రాయండి. వేడి చేయాలంటే గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో ఉంచాలి. స్టవ్ మీదా వద్దు, మైక్రోవేవ్ అసలే వద్దు. బిడ్డ సీసా పట్టకపోతే ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. మా రెండోవాడు ఆరో నెల దాకా అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నెతోనే తాగాడు.

ఆఫీసులో బిడ్డకి 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాకుండా, పాలివ్వడానికి రోజుకి రెండు బ్రేకులు మీ హక్కు. ఇల్లు దూరమైతే ఆ టైములో పంపు చేసుకోండి. గది గురించి చేరక ముందే అడగండి, అదీ ఒక్క ముక్కలో: "లోపల గడియ ఉన్న గది కావాలి." ఎందుకంటే మొదటిసారి నాకు స్టేషనరీ గది ఇచ్చారు, దానికి గడియ లేదు. కుర్చీ తలుపుకి అడ్డం పెట్టుకుని, వీపు తలుపుకి ఆనించి కూర్చునేదాన్ని. మూడో రోజు ఎవరో ఏ4 కాగితాల కట్ట కోసం తలుపు తోశారు. కుర్చీతో సహా ముందుకి జరిగాను, సీసా పడింది, నలభై నిమిషాల పాలు నేల మీద. తోసిన మనిషి సారీ చెప్పి వెళ్లిపోయాడు. నేను టిష్యూలతో నేల తుడుస్తూ కూర్చున్నాను. రెండోసారి ఆ గదికి గడియ పెట్టించాకే చేరాను, కార్పెంటర్‌కి పట్టింది పదిహేను నిమిషాలు.

6. ఉత్తుత్తి డ్యూటీ చేసి చూడండి

చేరడానికి పది రోజుల ముందు, రెండు రోజులు నిజంగా ఆఫీసుకి వెళ్తున్నట్టే తయారై బయటికి పోండి. మొదటి రోజు మూడు గంటలు, రెండో రోజు పూర్తిగా. ఏ లైబ్రరీలోనో స్నేహితురాలి ఇంట్లోనో కూర్చోండి. ఇంట్లో ఏం తప్పుతుందో ఆ రోజే తెలుస్తుంది. మా ఇంట్లో తప్పింది చాలా చిన్నది: గోరువెచ్చటి నీళ్లంటే ఎంత వెచ్చగా ఉండాలో ఆయాకి తెలియదు. చెయ్యి ముంచి చూపించాక సమస్య లేదు.

చేరడం సోమవారం వద్దు. సెలవు సోమవారం ముగిసేలా ఉంటే ఇంకో రెండు ఈఎల్ కలుపుకుని గురువారం చేరండి. రెండు రోజులు గడిస్తే శనివారం వచ్చేస్తుంది. ఆ వారం తట్టుకోగలిగితే తర్వాతి వారం అంత భయపెట్టదు.

7. డుమ్మా కొట్టిన రోజు ఎవరి వంతు?

మగవాళ్లకి ప్రైవేటులో తప్పనిసరి పితృత్వ సెలవు లేదు, ప్రభుత్వంలో 15 రోజులు. కొన్ని కంపెనీలు సొంతంగా ఇస్తాయి. మీ ఆయనకి ఉంటే కాన్పు నాటి సందడిలో మొత్తం వాడేయనివ్వకండి. అప్పుడు ఇంటినిండా మనుషులే ఉంటారు. కంపెనీ ఒప్పుకుంటే సగం మీరు తిరిగి చేరే వారానికి దాచమనండి. ఆ వారం బిడ్డతో ఇంట్లో ఒంటరిగా ఉన్న మగవాడికి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

పనులు పంచుకోవడం గురించి చాలా చెప్తారు గానీ నా దృష్టిలో తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఆయా రాలేదు, లేదా బిడ్డకి జ్వరం. పొద్దున ఎనిమిది. ఇద్దరికీ పదింటికి మీటింగ్. ఎవరు ఆగాలి? అప్పటికప్పుడు వాదించుకుంటే ఎప్పుడూ అమ్మే ఆగుతుంది. అందుకని మా వంటింటి గోడ మీద వెంకట్రామా క్యాలెండర్‌లో సోమ, బుధ, శుక్రవారాలకి ఆయన పేరులో మొదటి అక్షరం, మంగళ, గురువారాలకి నాది రాసేశాం. ఆ రోజు ఏం జరిగినా ఆ అక్షరానిదే బాధ్యత. ఆయనకి మూడు రోజులు ఎందుకంటే రాత్రి లేచేది నేను. మొదటి నెలలో రెండుసార్లు ఆయన "ఈ రోజు క్లయింట్ కాల్ ఉంది" అన్నారు. క్యాలెండర్ చూపించాను. అంతే, మళ్లీ అనలేదు.

టీకాలు కూడా అందులోనే రాసుకోండి. 14 వారాల టీకా వరకు మీ సెలవులోనే అయిపోతాయి. తొమ్మిదో నెల తట్టు, రుబెల్లా టీకా మాత్రం ఉద్యోగంలో ఉండగా వస్తుంది. శనివారం వేయిస్తే జ్వరం వచ్చినా ఆదివారం ఉంటుంది.

8. మొదటి మూడు నెలలు ఆఫీసులో

పాత స్పీడ్ చూపించాలని మొదటి వారమే ఎగబడకండి. ఏం మారిందో, ఏ ఫైలు ఎవరి దగ్గరుందో రెండు రోజులు తెలుసుకోండి. "ఆరింటికి బయల్దేరతాను, అవసరమైతే రాత్రి తొమ్మిదిన్నరకి లాగిన్ అవుతాను" అని మొదటి రోజే చెప్పేయండి, కానీ రెండోది నిజంగా చేయగలిగితేనే. సెలవు ముగిశాక ఇంటి నుంచి పని ఇద్దరూ ఒప్పుకుంటే కుదురుతుందని చట్టంలో ఉంది. అది హక్కు కాదు, అడిగి తీసుకునేది. అడిగేటప్పుడు వారానికి రెండు రోజులు, మూడు నెలలు అని గడువుతో అడిగితే ఒప్పుకోవడం సులువు.

డే కేర్‌లో చేరిన బిడ్డకి మొదటి నెలల్లో జలుబులు తప్పవు. ఆ ఏడాది సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) పండగలకి వాడకండి.

ఇక మీ సంగతి. ఐరన్, కాల్షియం మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లు మింగండి. ఊరికే ఏడుపు రావడం, బిడ్డని చూసినా ఏమీ అనిపించకపోవడం, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది పొగరో బద్ధకమో కాదు, చికిత్స ఉన్న జబ్బు. డాక్టరుతో చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

9. ఆయాకి కూడా సెలవులు రాసివ్వండి

మనకి 26 వారాలు ఇచ్చిన చట్టం మనింట్లో పనిచేసే మనిషిని పట్టించుకోదు. సెలవు లేని మనిషి చెప్పకుండా మానేస్తుంది, ఇంకేం చేస్తుంది? వారానికి ఒక రోజు, నెలకి ఇంకొక రోజు జీతం కోయకుండా అని మొదటి రోజే చెప్పండి. "ఎప్పుడు కావాలన్నా రెండు రోజుల ముందు చెప్పు, నేను కాదనను" అనండి. అలా చెప్పాక మా ఆయా ఏడాదిలో చెప్పకుండా మానేసింది రెండుసార్లే.

ఆవిడ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే అంగన్‌వాడీలో ప్రధానమంత్రి మాతృ వందన యోజనకి పేరు రాయించమనండి. మొదటి కాన్పుకి రూ. 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే రూ. 6,000 బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆధార్, ఖాతా పుస్తకం, తల్లీబిడ్డల కార్డు పట్టుకెళ్లాలి. మా ఆయా కోడలి ఖాతాకి ఆధార్ లింక్ కాలేదు, దానికే మూడు వారాలు తిరిగారు. ఆ పని ముందు చేయించండి.